‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వదిలేయాలి: పుట్టుక నుంచి వాడుక దాకా

‘ఓన్లీ’ అంటే ఏమిటని బడిపిల్లల్ని అడిగినా ‘మాత్రమే’ అని ఠక్కున చెబుతారు. జవాబు సరైనదే. అయినా బాగా చదువుకున్నవాళ్ల ఉత్తరాల్లో సైతం ఈ మాట అక్కర్లేని చోట కూర్చుంటుంది, కావలసిన చోట కనబడదు. దానికి కారణం తెలుగులోనే ఉంది. మనం ఒక ‘ఏ’ని మాట చివర తగిలించి నాలుగైదు పనులు చేయించుకుంటాం: ఇక్కడే, అప్పుడే, నేనే, అదే, అలాగే. ఇంగ్లీషులోకి వెళ్లగానే ఆ పనులన్నీ తెచ్చి ‘ఓన్లీ’ నెత్తిన పెడతాం. వాటిలో అది చేయగలిగేది ముఖ్యంగా ఒక్కటే: మిగతావాటిని మినహాయించడం.

అందుకే కింది మెట్లన్నిటిలోనూ అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ వాక్యంలో దేన్ని బయటికి నెడుతున్నాం? జవాబు దొరికితే ‘ఓన్లీ’ పెట్టొచ్చు, ఎక్కడ పెట్టాలో కూడా ఆ జవాబే చెబుతుంది. దొరక్కపోతే వేరే మాట వెతుక్కోవాలి.

మొదటి మెట్టు: మాటను విప్పి చూడటం

పాత ఇంగ్లీషులో దీని రూపం ‘ఆన్‌లిచ్’. ‘ఆన్’ అంటే ఒకటి, ‘లిచ్’ అంటే ఒళ్లు లేదా ఆకారం. రెండూ కలిస్తే ‘ఒకటి లాంటిది’, అంటే జోడు లేనిది. రెండో ముక్క ఇప్పటికీ ఇంగ్లండ్ చర్చిల దగ్గర వినబడుతుంది. శవపేటిక మోసుకొచ్చినవాళ్లు కాసేపు ఆగే పైకప్పున్న గేటును ‘లిచ్‌గేట్’ అంటారు. ‘క్విక్లీ’, ‘స్లోలీ’ లాంటి మాటల చివర ఉన్న ‘లీ’ కూడా ఇదే. ‘విచ్’, ‘సచ్’ల చివరి ‘చ్’ కూడా ఈ ముక్క అరిగిపోగా మిగిలిందే.

మొదటి ముక్క సంతానం ఇంకా పెద్దది. ‘అలోన్’ అంటే ‘ఆల్’, ‘వన్’ కలిసినది: పూర్తిగా ఒక్కడే. దాని ముందున్న ‘అ’ ఊడిపోయి ‘లోన్’ మిగిలింది, దాన్నుంచి ‘లోన్లీ’ వచ్చింది. ‘అటోన్’ అంటే ‘ఎట్ వన్’, ఒక్కటి కావడం, రాజీపడటం. ‘నన్’ అంటే ఒక్కటీ కాదు. ‘వన్స్’, ‘ఎనీ’ కూడా ఈ కుటుంబమే. ‘ఎలెవెన్’ అసలు అర్థం ‘పది పోగా ఒకటి మిగిలింది’ అని. ఆఖరికి ‘ఎ’, ‘ఆన్’ అనే ఆర్టికిల్స్ కూడా ఈ ‘ఆన్’ అరగ్గా మిగిలినవే. అంటే ‘ఆన్ ఓన్లీ చైల్డ్’ అన్నప్పుడు ఒకే మూలాన్ని వెంటవెంటనే రెండుసార్లు పలుకుతున్నామన్నమాట. మన ‘ఒక్కగానొక్క’ కూడా అదే పని చేస్తుంది కదా.

‘వన్’లో ‘వ’ వినబడుతుంది, ‘ఓన్లీ’లో వినబడదు. పాత పలుకును నిలబెట్టుకున్నది ‘ఓన్లీ’, ‘అలోన్’, ‘అటోన్’లే. ‘వ’ చేరడం 14వ శతాబ్దం ప్రాంతంలో ఇంగ్లండ్ నైరుతి, పశ్చిమ మాండలికాల్లో మొదలై, 18వ శతాబ్దానికి అందరి నోటా స్థిరపడింది. స్పెల్లింగు కూడా చాలాకాలం కుదురుగా లేదు. 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ సానెట్ల అంకితం పేజీలో ఇది ‘ఓ, ఎన్, ఎల్, ఐ, ఇ’ అని ఉంటుంది.

అర్థం మారిన తీరు మన పనికి మరింత ముఖ్యం. పాత ఇంగ్లీషులో ఇది పొగడ్త. బేవుల్ఫ్ కావ్యంలో ఒక రాణి అందాన్ని చెప్పడానికి ఈ మాటకే చెందిన మరో రూపం వాడారు: సాటిలేనిది అని. సాటిలేనిది కాస్తా ‘ఒకే ఒక్కటి’ అయింది. ఒకే ఒక్కటి ‘అంతకు మించి లేదు’ అయింది. అక్కడినుంచి ‘అంతేనా, ఇంత కొంచెమేనా’ అనే చిన్నచూపు పుట్టింది. ‘ఒకే ఒక్కటి’, చిన్నచూపు అనే ఈ రెండు అర్థాలూ నేటి ఇంగ్లీషులో పక్కపక్కనే బతుకుతున్నాయి. ‘హీ ఈజ్ ద ఓన్లీ డాక్టర్ హియర్’ అంటే ఇక్కడున్న ఒకే ఒక్క డాక్టరు. ‘హీ ఈజ్ ఓన్లీ ఎ క్లర్క్’ అంటే ‘ఆఫ్ట్రాల్ గుమాస్తా’. రెండో దాన్ని ఎదుటి మనిషి గురించి అనే ముందు కాస్త ఆలోచించుకోవాలి. ‘యూ ఆర్ ఓన్లీ ఎ టీచర్’ అంటే ‘మీరు టీచరే కదా’ అనే మామూలు ప్రశ్నలా వినబడదు, చులకన చేసినట్టు వినబడుతుంది.

రెండో మెట్టు: ‘మాత్రమే’ పరీక్ష

తెలుగువాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది ఈ మెట్టు. చెప్పదలచుకున్న వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకోండి. అందులో ‘ఏ’ ఉన్న చోట దాన్ని తీసి ‘మాత్రమే’ పెట్టండి. అర్థం చెడకపోతే ‘ఓన్లీ’ పెట్టొచ్చు. వాక్యం ఎబ్బెట్టుగా తయారైతే ‘ఓన్లీ’ జోలికి పోవద్దు.

‘వాడు నిజమే చెబుతాడు’: ‘నిజం మాత్రమే చెబుతాడు’. అర్థం నిలిచింది. కాబట్టి ‘హీ టెల్స్ ఓన్లీ ద ట్రూత్’. ‘నా దగ్గర పదే ఉన్నాయి’: ‘పది మాత్రమే ఉన్నాయి’. ఇదీ నిలిచింది. ‘ఐ హావ్ ఓన్లీ టెన్’.

ఇప్పుడు ‘నేను ఇక్కడే ఉన్నాను’ తీసుకోండి. ‘ఇక్కడ మాత్రమే ఉన్నాను’ అంటే మనిషి ఏకకాలంలో రెండు చోట్ల ఉండగలడేమో అన్నట్టుంది. పరీక్ష తప్పింది. అందువల్ల ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ కుదరదు, ‘ఐ యామ్ రైట్ హియర్’ అనాలి. ఎక్కడికీ వెళ్లలేదని చెప్పాలంటే ‘ఐ యామ్ స్టిల్ హియర్’.

పరీక్ష తప్పిన ప్రతిచోటా ఇంగ్లీషులో మరో మాట సిద్ధంగా ఉంటుంది. చోటును నొక్కి చెప్పాలంటే ‘రైట్’: ‘రైట్ దేర్’, ‘రైట్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ యూ’. ‘ఆ రోజే’ అన్నప్పుడు ‘దట్ వెరీ డే’ లేదా ‘ద సేమ్ డే’. ‘అదే మనిషి’కి ‘ద సేమ్ పర్సన్’. ‘నేనే చేశాను’లో రెండు అర్థాలున్నాయి. ఎవరి సాయమూ లేకుండా చేశానంటే ‘ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్’. చేసింది ఎవరో కాదు, నేనేనంటే ‘ఐ యామ్ ద వన్ హూ డిడ్ ఇట్’. ‘నేను చెప్పిందీ అదే’కి ‘దట్స్ ఎగ్జాక్ట్లీ వాట్ ఐ సెడ్’. ‘అప్పుడే వచ్చేశావా’కి ‘ఆర్ యూ హియర్ ఆల్రెడీ?’. ‘ఇప్పుడే తిన్నాను’కి ‘ఐ హావ్ జస్ట్ ఈటెన్’. ‘వస్తూనే అడిగాడు’కి ‘హీ ఆస్క్‌డ్ యాజ్ సూన్ యాజ్ హీ కేమ్ ఇన్’. ‘వాడంతే’ అని విసుక్కున్నప్పుడు ‘హీ ఈజ్ లైక్ దట్ ఓన్లీ’ అని నోటికి వచ్చేస్తుంది. దాని బదులు ‘దట్స్ జస్ట్ హౌ హీ ఈజ్’ అనండి.

ఇక ‘నేను కూడా తెలుగువాణ్ణే’. దీన్ని ‘ఐ యామ్ ఆల్సో తెలుగు ఓన్లీ’ అంటే ఒకే వాక్యంలో ‘కూడా’, ‘మాత్రమే’ రెండూ పెట్టినట్టవుతుంది. ఒకటి లోపలికి రానిస్తుంటే ఇంకొకటి బయటికి నెడుతుంది. ‘ఐ యామ్ తెలుగు టూ’ చాలు.

మన దేశంలో మాట్లాడే ఇంగ్లీషులో వాక్యం చివర నొక్కుకోసం పెట్టే ‘ఓన్లీ’ మామూలే. హిందీవాళ్లూ మన ‘ఏ’ లాంటి తమ ‘హీ’ని ఇలాగే దాటిస్తారు. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు దాన్ని తప్పుపట్టాల్సినంత పనేమీ లేదు, అందరికీ అర్థమవుతుంది. చిక్కల్లా ఆ అలవాటు లేనివాళ్లు చదివేటప్పుడే. ‘ద మీటింగ్ ఈజ్ టుడే ఓన్లీ’ అని రాస్తే మనవాడికి ‘మీటింగు ఇవాళే’ అని అందుతుంది. లండన్‌లో చదివేవాడికి ‘ఈ ఒక్కరోజే ఉంటుంది, రేపు ఉండదు’ అని అందుతుంది.

ఈ పరీక్షకు ఒక మినహాయింపు ఉంది: కాలం. ‘నిన్ననే కొన్నాను’ను ‘నిన్న మాత్రమే కొన్నాను’ అంటే వికారంగా ఉంటుంది, కానీ ‘ఐ బాట్ ఇట్ ఓన్లీ ఎస్టర్‌డే’ చక్కని ఇంగ్లీషు. ఇక్కడ బయటికి నెట్టేది అంతకు ముందున్న కాలాన్ని: నిన్నటికంటే ముందు కాదు అని. ఆలస్యాన్ని చెప్పినా ఇంతే. ‘పదింటికి గానీ రాలేదు’ అనడానికి ‘హీ కేమ్ ఓన్లీ ఎట్ టెన్’. తెలుగు వాక్యంలో ‘లేదు’ ఉంది, ఇంగ్లీషు వాక్యంలో లేదు. ఆ ‘లేదు’ని ‘ఓన్లీ’ లోపలే మింగేసుకుంది. తెలుగు చూసి ‘హీ డిడ్ నాట్ కమ్ ఓన్లీ ఎట్ టెన్’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది: పదింటికే కాదు, వేరే వేళల్లో కూడా వచ్చాడని. ‘నాట్’ పెట్టి తీరాలనుకుంటే ‘ఓన్లీ’ తీసేసి ‘అంటిల్’ పెట్టండి: ‘హీ డిడ్ నాట్ కమ్ అంటిల్ టెన్’.

మూడో మెట్టు: చోటు ఎంచుకోవడం

తెలుగులో ‘ఏ’ మాటకు అతుక్కుని ఉంటుంది, కాబట్టి దేన్ని నొక్కుతున్నామో అనుమానం రాదు. ‘ఓన్లీ’ విడిమాట. వాక్యంలో ఎక్కడైనా నిలబడగలదు, నిలబడిన చోటును బట్టి అర్థం మారుతుంది. ‘ద మేనేజర్ సైన్‌డ్ ద లెటర్ ఎస్టర్‌డే’ అనే వాక్యంలోకి దాన్ని ఒక్కోచోట దించి చూద్దాం.

‘ఓన్లీ ద మేనేజర్ సైన్‌డ్ ద లెటర్’: మేనేజర్ ఒక్కడే, మరెవరూ సంతకం చేయలేదు.
‘ది ఓన్లీ మేనేజర్ సైన్‌డ్’: అక్కడ ఉన్నదే ఒక్క మేనేజర్, ఆయన చేశాడు.
‘ద మేనేజర్ ఓన్లీ సైన్‌డ్ ద లెటర్ ఎస్టర్‌డే’: సంతకం మాత్రం పెట్టాడు, రాసింది ఆయన కాదు. లేదా ఉత్తరం మీద మాత్రమే పెట్టాడు. లేదా నిన్ననే పెట్టాడు.
‘సైన్‌డ్ ఓన్లీ ద లెటర్’: ఉత్తరం మీదే, దాంతో ఉన్న రసీదు మీద కాదు.
‘సైన్‌డ్ ది ఓన్లీ లెటర్’: ఉన్నదే ఒక ఉత్తరం, దానిమీద.
‘సైన్‌డ్ ద లెటర్ ఓన్లీ ఎస్టర్‌డే’: అంతకుముందు కాదు.

మూడో వాక్యంలో మూడు అర్థాలు ఉండటం గమనించారు కదా. క్రియ ముందు నిలబడిన ‘ఓన్లీ’ తన తర్వాత ఉన్న దేన్నైనా పట్టుకోగలదు. మాట్లాడేటప్పుడు దీనివల్ల ఇబ్బంది రాదు, ఏ మాటను ఒత్తి పలికితే అర్థం దానిమీద వాలుతుంది. ‘సైన్‌డ్’ను ఒత్తితే సంతకం, ‘లెటర్’ను ఒత్తితే ఉత్తరం. కాగితం మీద ఒత్తు వినబడదు.

ఈ విషయం మీద ఇంగ్లీషువాళ్లలోనే పాత తగవు ఉంది. రాబర్ట్ లోత్ 1760లలో తన వ్యాకరణంలో ‘ఐ ఓన్లీ స్పేక్ త్రీ వర్డ్స్’ లాంటి వాక్యాన్ని తప్పుపట్టి, ‘ఓన్లీ’ని మూడు మాటల పక్కకు జరపమన్నాడు. 1926లో ఇంగ్లీషు వాడుక నిఘంటువు రాసిన హెచ్. డబ్ల్యూ. ఫౌలర్ ఇలాంటి సవరణల్ని వెక్కిరించాడు. ‘హీ ఓన్లీ డైడ్ ఎ వీక్ ఎగో’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది, ఎందుకు కదపాలి అన్నాడు. ఇద్దరిలో ఫౌలర్ మాటే నేటి వాడుకకు దగ్గర. క్రియ ముందు పెట్టడం సహజమైన ఇంగ్లీషు, ‘ఐ ఓన్లీ వాంట్ వన్’ అన్నవాణ్ణి దిద్దబోతే నవ్వులపాలవుతాం. అయితే సూచనలు, ఒప్పందాలు, పరీక్ష జవాబులు రాసేటప్పుడు లోత్ మాట వినడం క్షేమం. ‘ఓన్లీ టేక్ దిస్ టాబ్లెట్ ఆఫ్టర్ ఫుడ్’ అని రాస్తే ‘ఈ మాత్ర ఒక్కటే వేసుకోవాలి, మిగతావి మానేయాలి’ అని కూడా చదువుకోవచ్చు. ‘టేక్ దిస్ టాబ్లెట్ ఓన్లీ ఆఫ్టర్ ఫుడ్’ అని రాస్తే తిన్న తర్వాతే వేసుకోవాలని స్పష్టంగా ఉంటుంది.

చోటు కుదర్చడానికి క్రమం ఇది. ముందు, బయటికి నెడుతున్నది దేన్నో తేల్చుకోండి. దానికి ఎదురుగా వాక్యంలో నిలిచిన మాటను గుర్తించండి. ‘ఓన్లీ’ని ఆ మాటకు సరిగ్గా ముందు పెట్టండి. క్రియ ముందు పెట్టాల్సివస్తే సహాయక క్రియల సంగతి చూసుకోండి: ‘ఈజ్’, ‘హావ్’, ‘కెన్’ లాంటివి ఉంటే మొదటిదాని తర్వాత రావాలి. ‘షీ ఈజ్ ఓన్లీ జోకింగ్’, ‘వీ కెన్ ఓన్లీ హోప్’.

ప్రిపొజిషన్ ఉన్నప్పుడు ఒక కిటుకు ఉంది. మామూలుగా ‘ఓన్లీ’ దానికి ముందే వస్తుంది: ‘ఓన్లీ ఆన్ మండేస్’. కానీ సంఖ్య చిన్నదని చెప్పాలంటే సంఖ్యకు ముందుకు జరగాలి. ‘ఇట్ విల్ బీ రెడీ ఇన్ ఓన్లీ టూ డేస్’ అంటే రెండంటే రెండే రోజులు, త్వరగా అయిపోతుంది. ‘ఇట్ విల్ బీ రెడీ ఓన్లీ ఇన్ టూ డేస్’ అంటే రెండు రోజులైతే గానీ కాదు. మొదటిది విని ఖాతాదారు సంతోషిస్తాడు, రెండోది విని విసుక్కుంటాడు. మాటలన్నీ అవే, ఒక్క మాట ఒక అడుగు అటు జరిగిందంతే.

ఇంకో ప్రమాదం, రెండు వైపులా చూసే ‘ఓన్లీ’. ‘ద స్టూడెంట్స్ హూ ఫెయిల్‌డ్ ఓన్లీ నీడ్ టు రీటేక్ పార్ట్ వన్’. ‘ఫెయిలైనవాళ్లు మాత్రమే’ అని వెనక్కి చదవాలా, ‘పార్ట్ వన్ మాత్రమే’ అని ముందుకు చదవాలా? రచయిత ఉద్దేశం ఏదైనా సరే, వాక్యాన్ని మార్చక తప్పదు. ‘ఓన్లీ ద స్టూడెంట్స్ హూ ఫెయిల్‌డ్’ అని మొదలుపెట్టడమో, ‘నీడ్ టు రీటేక్ ఓన్లీ పార్ట్ వన్’ అని ముగించడమో చేయాలి.

నాలుగో మెట్టు: విశేషణంగా వాడినప్పుడు ఆర్టికిల్

ఏకవచన నామవాచకం ముందు విశేషణంగా వస్తే ఆర్టికిల్ గానీ, ‘మై’, ‘హర్’ లాంటి మాట గానీ తప్పనిసరి. ‘ఐ యామ్ ఓన్లీ చైల్డ్’ అంటే వాక్యం కుంటుతుంది. తోబుట్టువులు లేరని చెప్పడానికి ‘ఐ యామ్ ఆన్ ఓన్లీ చైల్డ్’. అచ్చు ధ్వనితో మొదలవుతుంది కాబట్టి ‘ఎ’ కాదు, ‘ఆన్’. ‘ది ఓన్లీ చైల్డ్ ఇన్ ద రూమ్’ అంటే గదిలో ఉన్న ఒకే ఒక్క పిల్లవాడు, ఇంటి దగ్గర వాడికి నలుగురు అన్నదమ్ములు ఉండొచ్చు. ‘ఐ యామ్ ఓన్లీ ఎ చైల్డ్’ అన్నారంటే ‘నేను చిన్నపిల్లాణ్ణి, నాకేం తెలుసు’ అన్నట్టు.

‘ది ఓన్లీ’ తర్వాత క్రియ చెప్పాలంటే ‘టు’ పెట్టండి: ‘ది ఓన్లీ పర్సన్ టు ఫినిష్’. ఉపవాక్యం వస్తే వస్తువుల విషయంలో ‘విచ్’ కంటే ‘దట్’ బాగుంటుంది: ‘ది ఓన్లీ బుక్ దట్ హెల్ప్‌డ్ మీ’.

పోటీ పరీక్షలవాళ్లు ఎంతో ఇష్టంగా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘షీ ఈజ్ వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ హావ్ పాస్‌డ్’. పాసైనవాళ్లు చాలామంది, వాళ్లలో ఈమె ఒకరు. కాబట్టి బహువచన క్రియ ‘హావ్’. ముందు ‘ది ఓన్లీ’ చేరగానే మిగతావాళ్లంతా బయటికి పోయారు, పాసైంది ఈమె ఒక్కతే. అందుకే ‘షీ ఈజ్ ది ఓన్లీ వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ హాజ్ పాస్‌డ్’.

‘వన్ ఆఫ్ ది ఓన్లీ’ మాటేమిటి? వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ‘ఒకే ఒక్కవాళ్లలో ఒకరు’ అన్నట్టుంటుంది కాబట్టి, శ్రద్ధగా రాసేవాళ్లు ‘వన్ ఆఫ్ ద ఫ్యూ’ అంటారు. అదే మేలు.

ఐదో మెట్టు: వాక్యం మొదట్లో పెట్టినప్పుడు

‘ఓన్లీ’లో ఒక ‘కాదు’ దాగి ఉందని పైన చూశాం. వాక్యం మొదట్లోకి వస్తే ఆ ‘కాదు’ బయటపడుతుంది: ‘నెవర్’తో మొదలైన వాక్యంలో జరిగినట్టే ఇక్కడా కర్త, సహాయక క్రియ చోట్లు మార్చుకుంటాయి. ‘అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు’ అనడానికి ‘ఓన్లీ దెన్ డిడ్ ఐ అండర్‌స్టాండ్’. ‘ఓన్లీ దెన్ ఐ అండర్‌స్టుడ్’ అని చాలామంది రాస్తారు, మాటల్లో చెల్లుతుంది గానీ రాతలో తప్పుగానే చూస్తారు.

‘ఓన్లీ’ వెంట పూర్తి ఉపవాక్యం ఉంటే, తారుమారు అయ్యేది ఉపవాక్యంలో కాదు, దాని తర్వాత వచ్చే ప్రధాన వాక్యంలో. ‘ఓన్లీ ఆఫ్టర్ హీ లెఫ్ట్ డిడ్ వీ నోటీస్ ద బ్యాగ్’ సరైనది. ‘ఓన్లీ ఆఫ్టర్ డిడ్ హీ లీవ్’ అని మొదలుపెట్టారో, వాక్యం అక్కడే చిక్కుకుపోతుంది.

కర్తనే పట్టుకుని ఉంటే తారుమారు అక్కర్లేదు: ‘ఓన్లీ ద డ్రైవర్ నోస్ ద రూట్’. దాగి ఉన్న ‘కాదు’కి ఇక్కడ మరో గుర్తు కనిపిస్తుంది. ‘ఎవర్’, ‘ఎనీ’ మామూలుగా ప్రశ్నల్లో, వ్యతిరేక వాక్యాల్లో వస్తాయి. అయినా ‘ఓన్లీ షీ హాజ్ ఎవర్ ఆస్క్‌డ్’ అనడం సరైనదే, ‘షీ హాజ్ ఎవర్ ఆస్క్‌డ్’ అనడం కాదు.

‘నాట్ ఓన్లీ… బట్ ఆల్సో’ జంటకూ ఇదే సూత్రం. మొదట్లో వస్తే ‘నాట్ ఓన్లీ డిడ్ హీ కమ్, బట్ హీ ఆల్సో స్టేడ్’. మధ్యలో వస్తే రెండు ముక్కల వెనకా ఒకే రకం మాటలు ఉండాలి. ‘హీ నాట్ ఓన్లీ సింగ్స్ బట్ ఆల్సో డాన్సెస్’లో రెండు క్రియలు ఉన్నాయి, సరిపోయింది. ‘హీ స్పీక్స్ నాట్ ఓన్లీ తమిళ్ బట్ ఆల్సో రైట్స్ ఇట్’లో ఒకవైపు నామవాచకం, రెండో వైపు క్రియ, తూకం తప్పింది. ‘నాట్ ఓన్లీ’ని ‘స్పీక్స్’ ముందుకు జరిపితే బాగుపడుతుంది. కర్తలే జంటగా ఉంటే క్రియ దగ్గరి కర్త మాట వింటుంది: ‘నాట్ ఓన్లీ ద స్టూడెంట్స్ బట్ ఆల్సో ద టీచర్ వాజ్ లేట్’.

ఆరో మెట్టు: ‘ఇఫ్’, ‘ఓన్లీ ఇఫ్’, ‘ఇఫ్ ఓన్లీ’

ఇంగ్లీషువాళ్లే తడబడే ఈ చోట తెలుగు మనకు అండగా నిలుస్తుంది. ‘80 మార్కులు వస్తే పాసవుతావు’: ఇది ‘ఇఫ్’. 80 వస్తే చాలు, పాసు ఖాయం. 80 రాకపోతే ఏమవుతుందో ఈ వాక్యం చెప్పలేదు, వేరే దారి ఉండొచ్చు. ‘80 మార్కులు వస్తేనే పాసవుతావు’: ఇది ‘ఓన్లీ ఇఫ్’. 80 రాకపోతే పాసవ్వడం కల్ల. వచ్చినంత మాత్రాన పాసు ఖాయమని మాత్రం కాదు, హాజరు లాంటి ఇంకో షరతు ఉండొచ్చు. రెండూ కలిపి ‘వస్తే, వస్తేనే’ అనుకుంటే గణితంలోని ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’ వచ్చేసింది. గణిత పుస్తకాల్లో దీన్ని ‘ఐ’ తర్వాత రెండు ‘ఎఫ్’లతో కుదించి రాస్తారు. ఆ పొట్టిరూపం గణితవేత్త పాల్ హల్మోస్ చలవ, అచ్చులో 1955లో జాన్ కెల్లీ రాసిన టోపాలజీ పుస్తకంలో కనిపించింది.

నియమాలు రాసేవాళ్లు చేసే పొరపాటు ‘ఇఫ్’ రాసి ‘ఓన్లీ ఇఫ్’ అని అర్థం చేసుకొమ్మనడం. ‘యూ మే అప్లై ఇఫ్ యూ హావ్ ఎ డిగ్రీ’ అన్నప్పుడు డిగ్రీ లేనివాళ్లకు తలుపు మూసినట్టు తర్కం ప్రకారం కాదు. మూయాలంటే ‘ఓన్లీ ఇఫ్’ రాయాలి.

మాటలు తిరగేసి ‘ఇఫ్ ఓన్లీ’ అంటే షరతు పోయి నిట్టూర్పు మిగులుతుంది: ‘అలా అయితే ఎంత బాగుండును’. ఇప్పటి సంగతికి భూతకాల క్రియ: ‘ఇఫ్ ఓన్లీ ఐ న్యూ హర్ నంబర్’, నంబరు తెలియదు. జరిగిపోయినదానికి ‘హాడ్’ చేర్చాలి: ‘ఇఫ్ ఓన్లీ ఐ హాడ్ నోన్’, అప్పుడు తెలియలేదు. ఎదుటివాళ్లు మారాలని కోరుకుంటే ‘వుడ్’: ‘ఇఫ్ ఓన్లీ హీ వుడ్ లిసన్’.

ఏడో మెట్టు: అర్థం దారి తప్పినట్టు కనిపించే జంటలు

కొన్ని జంటల్లో ‘మాత్రమే’ అనే అర్థం పనికిరాదు, వీటిని ఉన్నవి ఉన్నట్టు గుర్తుపెట్టుకోవాల్సిందే. ‘ఓన్లీ టూ హ్యాపీ’ అంటే ఎంతో సంతోషంగా. ‘ఓన్లీ టూ ట్రూ’ అంటే దురదృష్టవశాత్తూ నిజమే. ‘ఐ హావ్ ఓన్లీ జస్ట్ అరైవ్‌డ్’ అంటే ఇప్పుడిప్పుడే వచ్చాను, ‘హీ ఓన్లీ జస్ట్ పాస్‌డ్’ అంటే అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. ‘హీ రాన్ టు ద స్టేషన్, ఓన్లీ టు ఫైండ్ ద ట్రెయిన్ హాడ్ గాన్’లో ‘ఓన్లీ టు’ ఆశాభంగాన్ని చెబుతుంది: తీరా చూస్తే రైలు వెళ్లిపోయింది. మన ‘తీరా’కి ఇంత దగ్గరగా వచ్చే మాట ఇంగ్లీషులో ఇంకోటి దొరకడం కష్టం.

‘కానీ’ అనే అర్థంలో రెండు వాక్యాలను కలపడానికీ వాడతారు: ‘ఐ వుడ్ కమ్, ఓన్లీ ఐ యామ్ బిజీ’. కబుర్లకు సరే, దరఖాస్తుల్లో వద్దు.

బోర్డుల సంగతి వేరు. ‘స్టాఫ్ ఓన్లీ’, ‘ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ’ అని చివర్లో పెట్టడమే అక్కడ రివాజు. నొక్కుకోసం కాదు, నిజంగానే మిగతావాళ్లనూ మిగతా వాడకాలనూ బయట ఉంచడానికి. చెక్కు మీద మొత్తాన్ని అక్షరాల్లో రాసి చివర ‘ఓన్లీ’ పెట్టేదీ ఇందుకే, ఆ తర్వాత ఎవరూ ఇంకో అంకె చేర్చకుండా. నామవాచకం ముందుకు వస్తే మధ్యలో హైఫన్ కావాలి: ‘రీడ్-ఓన్లీ ఫైల్’, ‘మెంబర్స్-ఓన్లీ క్లబ్’.

ఎనిమిదో మెట్టు: పలకడం, ఆపై రాసింది సరిచూసుకోవడం

ఒత్తు మొదటి అక్షరం మీద. అది మన దీర్ఘ ‘ఓ’ కాదు, ‘ఒ’తో మొదలై ‘ఉ’ వైపు జారే జంట స్వరం. చివరి ‘లీ’ని సాగదీయకుండా పొట్టిగా ముగించాలి. వేగంగా మాట్లాడేటప్పుడు కొందరు ‘ల’ను మింగేసి ‘ఓనీ’ అన్నట్టు పలుకుతారు. వింటే పోల్చుకోవాలి గానీ అనుకరించాల్సిన పనిలేదు.

రాసిన కాగితాన్ని పంపే ముందు ఫైలులో ఈ మాటను వెతికి, దొరికిన ప్రతిచోటా ఆగండి. వాక్యం చివర ఉందా? బోర్డో చెక్కో కాకపోతే చాలావరకు తెలుగు ‘ఏ’ అక్కడ దూరినట్టే, రెండో మెట్టుకు వెళ్లండి. క్రియ ముందు ఉందా? వాక్యాన్ని రెండు రకాలుగా చదవగలరేమో చూసి, చదవగలిగితే మినహాయించే మాట పక్కకు దించండి. దగ్గర్లో ‘నాట్’ ఉందా? తెలుగు ‘గానీ… లేదు’ నుంచి వచ్చిందేమో చూడండి. మనుషుల ఉద్యోగం ముందో, వయసు ముందో ఉందా? చులకన చేస్తున్నట్టు వినబడుతుందేమో ఒకసారి పైకి చదవండి. ఒకే పేరాలో మూడుసార్లు కనిపిస్తే రెండింటిని కొట్టేసి చదవండి. అర్థం మారని చోట వాటిని తిరిగి చేర్చకండి.